లినక్సు మీదికి వచ్చిన వాణిజ్య డేటాబేసులు

విరుదునగర్ టోకు బజారులో గానీ, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కర్మాగారంలో గానీ సరుకు గోదాము దాటినప్పుడు రెండు పద్దులు పడవలెను: నిల్వలో తగ్గుదల ఒకటి, కొన్నవారి ఖాతాలో బాకీ మరొకటి. ఒకటి పడి రెండవది పడకపోతే లెక్క చెడుతుంది. చిట్టా, ఆవర్జాల కాలంలో గుమాస్తా చూచుకొన్న ఈ పనిని కంప్యూటరులో చేసేది డేటాబేస్. మధ్యలో కరెంటు పోయినా రెండు పద్దులూ నిలుస్తాయి, లేదా రెండూ రద్దవుతాయి. ఈ హామీకే ఒరాకిల్, ఇన్ఫార్మిక్స్, సైబేస్, ఐబీఎం వంటి సంస్థలు పెద్ద మొత్తాలు వసూలు చేసేవి.

అయితే డేటాబేస్ ఒంటరిగా నిలవదు. పద్దు నిజంగా డిస్కుకు చేరినదా లేదా అని దానికి చెప్పవలసినది ఆపరేటింగ్ సిస్టం. 1990లలో ఆ పనికి నమ్మదగినవిగా పేరుపొందినవి సన్, హెచ్‌పీ, ఐబీఎం సంస్థల ఖరీదైన యూనిక్స్ యంత్రాలు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు మామూలు పీసీ మీదనే నడుస్తుంది. దాని సోర్సు కోడు ఎవరైనా చూడవచ్చు, మార్చుకొనవచ్చు.

1997లోనే సాఫ్ట్‌వేర్ ఏజీ సంస్థ అడబాస్ డి లినక్సు మీద లభించినది. కాని అసలు కదలిక 1998 జూలైలో వచ్చినది. ఒరాకిల్, ఇన్ఫార్మిక్స్ కొద్ది రోజుల తేడాతో తమ డేటాబేసులను లినక్సుకు తెస్తామని ప్రకటించినవి. ఆ సంవత్సరం ముగియకముందే ఒరాకిల్ 8.0.5, సైబేస్ 11.0.3 వెలువడినవి, ఐబీఎం డీబీ2 పరీక్షా ప్రతిని విడుదల చేసినది. ఇది ఔదార్యం కాదు. చవక సర్వర్ల రంగంలో విండోస్ ఎన్‌టీ బలపడుతున్నది, దానిని అమ్మే మైక్రోసాఫ్ట్ సొంత డేటాబేసునూ అమ్ముతున్నది. పోటీదారుని అరుగు మీద కొట్టు పెట్టుకోవడం కన్న ఎవరి సొత్తూ కాని నేల మేలని ఈ సంస్థలకు తోచినది.

ఆ నేల అప్పటికి గట్టిపడలేదు. 32 బిట్ల యంత్రాల మీద ఒక ఫైలు 2 జీబీ దాటేది కాదు. ఈఎక్స్‌టీ2 అనే ఫైల్ సిస్టంకు జర్నల్ లేదు. కరెంటు పోయి వస్తే డిస్కు అంతటినీ తనిఖీ చేసిన పిదపనే యంత్రం పనిలోకి దిగేది. 2012 నాటి గంటల తరబడి కోతలు చూచిన తమిళనాడు జిల్లాల వారికి ఆ లోపం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. 2001లో వచ్చిన 2.4 కెర్నెల్ పెద్ద ఫైళ్లను అనుమతించినది. ఆ ఏడాది చివర జర్నల్ గల ఈఎక్స్‌టీ3 దానిలో చేరినది. 2002లో రెడ్ హ్యాట్ సంస్థ వ్యాపార సర్వర్ల కొరకు ప్రత్యేక ప్రతిని తెచ్చిన తరువాతనే పెద్ద సంస్థలకు ధైర్యం కుదిరినది.

ధర సంగతి వేరు. పునాది ఉచితమైనా ఇంటికి అద్దె తప్పలేదు. యంత్రం ఖర్చు తగ్గినది గాని, ఒరాకిల్ లైసెన్సు ప్రాసెసర్ల లెక్కన ఏ ఆపరేటింగ్ సిస్టం మీదనైనా చెల్లించవలసినదే. చిన్నవారికి మేలు చేసినవి ఉచిత పరిమిత ప్రతులు. 2004లో సైబేస్ 5 జీబీ వరకు లినక్సు ప్రతిని ఉచితంగా ఇచ్చినది. తరువాత 4 జీబీ పరిమితితో ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్, 2006లో డీబీ2 ఎక్స్‌ప్రెస్-సి వచ్చినవి. ఒక టోకు వ్యాపారి పద్దులకు 4 జీబీ చాలాకాలం సరిపోతుంది.

ఈ మార్పు చదువుకొనే పిల్లలకు మరింత ముఖ్యం. 1984లో కోవిల్‌పట్టిలో నెలకొన్న నేషనల్ ఇంజనీరింగ్ కళాశాల, 1998లో విరుదునగర్ సమీపాన ఏర్పడిన కామరాజ్ కళాశాల వంటి చోట్ల చదివే విద్యార్థి, పెద్ద బ్యాంకులు వాడే సాఫ్ట్‌వేరునే ఇంటి పీసీ మీద నేర్చుకొనే వీలు దీనితో కలిగినది. 2007 నాటికి తమిళనాడు ప్రభుత్వ సంస్థ ఎల్కాట్, సి. ఉమాశంకర్ ఆధ్వర్యంలో, తన కార్యాలయ యంత్రాలను సూసే లినక్సుకు మార్చినది. ప్రభుత్వ పాఠశాలలకూ దానిని చేర్చినది.

చివరకు మైక్రోసాఫ్ట్ కూడా అదే దారి పట్టినది. 2016 మార్చిలో ప్రకటించి, 2017 అక్టోబరులో ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను లినక్సు మీద విడుదల చేసినది. మొదట వచ్చినవారిలో ఇన్ఫార్మిక్స్ డేటాబేస్ 2001లో ఐబీఎంకు, సైబేస్ 2010లో ఎస్‌ఏపీకి అమ్ముడుపోయినవి. సోర్సు కోడు తెరచి ఉంచే మైఎస్‌క్యూఎల్ సైతం 2010లో సన్ కొనుగోలుతో ఒరాకిల్ చేతికి చిక్కినది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మాత్రం ఏ ఒక్క సంస్థ సొత్తూ కాలేదు. అయితే ఒరాకిల్ సొంత భాషలో వ్రాసుకొన్న ప్రోగ్రాములు దానిలో ఉన్నవి ఉన్నట్లు నడవవు, తిరగవ్రాయవలెను. ఉచిత ప్రతి తీసుకొనే వ్యాపారి దాని పరిమితి నిండే రోజుకు ముందే ఆ ఖర్చును కూడ లెక్కవేసుకొనవలసి ఉంటుంది.