కైఫియత్తు ఎవరి నోటి మాట?

గ్రామచరిత్ర మీద వ్యాసం రాయబూనిన విద్యార్థులు నాలుగు పాఠ్యగ్రంథాలను ఆధారాలుగా చూపిస్తారు. తీరా చూస్తే ఆ నాలుగూ ఒకదాన్ని చూసి మరొకటి రాసినవే. అయిదో ఆధారం మన నినాదం! ప్రజల చరిత్ర రాయాలనడం సరే. దానికి సాక్ష్యం ఏ కాగితాల్లో ఉందో వెతికే ఓపిక మనలో ఎందరికుంది?

అలాంటి కాగితాలు లేకపోలేదు. 1815లో సర్వేయరు జనరల్ అయిన కాలిన్ మెకంజీ అంతకుముందు నుంచే ఊరూరి స్థలచరిత్రలు, శాసనాల నకళ్లు సేకరింపజేశాడు. పేరు ఆయనది, శ్రమ చాలావరకు మనవాళ్లది. కావలి బొర్రయ్య 1803లో చిన్న వయస్సులోనే పోగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని సాగించాడు. 1821లో మెకంజీ చనిపోయాక ఆ రాశిని కంపెనీ కొన్నది. తర్వాత సి.పి. బ్రౌన్ తెలుగు కాగితాలకు ప్రతులు రాయించి సంపుటాలు కట్టించాడు. కడప జిల్లా కైఫియత్తులు అచ్చులోకి కూడా వచ్చాయి.

ఇంతకూ వీటిని చెప్పినదెవరు? ఎక్కువగా కరణాలు, అర్చకులు, అగ్రహారీకులు. కనుకనే గుడి ఎవరు కట్టించారో, మాన్యం ఎవరికి దక్కిందో వివరంగా ఉంటుంది. చెరువు తవ్విన కూలివాడి పేరుండదు. అంతమాత్రాన వీటిని అవతల పారేయాలనే మిత్రులతో నేను ఏకీభవించను. తన హక్కు రుజువు చేసుకోవడానికే కరణం కవిలె విప్పుతాడు. ఆ ధోరణిలోనే పన్నుల సంగతీ, కరువు సంగతీ, ఊరు ఖిలమై కాపులు లేచిపోయిన సంగతీ చెప్పేస్తాడు. వాటిని దాచవలసిన అవసరం అతనికి తోచదు. మనకు కావలసిందే అది.

సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాలను ఇలాగే చదివాడు. రాజుల పొగడ్త పక్కన పెట్టి క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులను, హంసవింశతిలో వృత్తులను, పనిముట్లను పట్టుకున్నాడు. అయితే కవి వర్ణన అన్నిసార్లూ ఒక ఊరికి కట్టుబడదు, కైఫియత్తు కట్టుబడుతుంది. కైఫియత్తు చెప్పే పాతకాలపు తేదీలను మాత్రం నమ్మరాదు, గుడిగోడ మీద శాసనంతో సరిచూడవలసిందే.

జిల్లా మాన్యుయళ్లు కూడా చూడాలి. అవి కలెక్టరు కచేరీ కళ్లతో రాసినవని మరవకుండా చూడాలి. కృష్ణా జిల్లా మాన్యుయల్ 1883 నాటిది. దాన్ని రాసిన గోర్డన్ మెకంజీ వేరొకడు, కైఫియత్తుల మెకంజీ కాడు. ఇద్దరినీ ఒకరిగా చేసిన వ్యాసాలు నేను దిద్దాను.