లారీ కింద ఎర్ర రంగు: సింధూరం నుంచి రెడ్ ఆక్సైడ్ దాకా

కృష్ణపట్నం పోర్టు రోడ్డులోనో, మైపాడు వైపో ఆగి ఉన్న ఒక పాత లారీ కిందకి వంగి చూడండి. పై పెయింట్ లేచిపోయిన చోట ఇటుక రంగు పూత కనిపిస్తుంది. షెడ్డుల్లో దాన్ని రెడ్ ఆక్సైడ్ అంటారు. లారీకే కాదు, గేటుకి, కిటికీ ఊచలకి కూడా ముందు అదే కొడతారు. ఎరుపే ఎందుకు? ఇవాళ్టి కథ అదే.

ఇనుము అక్కర్లేని పడవ నుంచి మొదలుపెడదాం. కోరమాండల్ తీరంలో అలలు దాటి ఓడల దాకా వెళ్లే మసూలా పడవలకి మేకులు ఉండేవి కావు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. అల కొడితే పడవ విరగకుండా వంగాలి, అందుకని. తుప్పు గొడవ లేకపోవడం అదనపు లాభం. మరి నేల మీద? ఎద్దుబండి ఇరుసుకి కందెన పెట్టేవాళ్లు: ఆముదంలో వరిగడ్డి కాల్చిన మసి కలిపి. చక్రం తేలిగ్గా తిరగడానికే అనుకోండి, కానీ నూనె ఉన్నంత కాలం ఇనుముకి తడి తగలదు కదా.

మన జిల్లా మీదుగా పోయే బకింగ్‌హామ్ కాలువలో ఉప్పు వెళ్లింది కూడా చెక్క పడవల్లోనే. ఆ ఉప్పు, తర్వాత రొయ్యలు, చేపలు, ఐసు లారీలెక్కాయి. కారే నీళ్లన్నీ ఛాసీ మీదే. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

ఎర్ర రంగు మాత్రం అంతకు ముందే ఉంది. ఇనుప ఓడలు, వంతెనలు వచ్చాక వాటికి సీసం సింధూరాన్ని అవిసె నూనెలో కలిపి పూసేవాళ్లు. అవును, సింధూరమే. సీసాన్ని గాలిలో బాగా కాలిస్తే వచ్చే ఎర్ర పొడి. అది నూనెలోని ఆమ్లాలతో కలిసి సబ్బు లాంటి పదార్థాలుగా మారి, తుప్పు పుట్టకుండా అడ్డుపడుతుంది. అంటే అది వట్టి రంగు కాదు, మందు. కొద్దిగా తుప్పు మిగిలినా సర్దుకుపోయేది.

కానీ సీసం విషం. పూసేవాడి ఒంట్లోకి, గీకేవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎమ్ దాటకూడదని మన దేశం 2016లో రూల్స్ తెచ్చింది.

సింధూరం జాగాలోకి రెడ్ ఆక్సైడ్ వచ్చింది. నాకు భలే నవ్వొచ్చేది ఇక్కడే. రెడ్ ఆక్సైడ్ అంటే ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పుకి దగ్గరి చుట్టం! చవక, ఎండకి వెలవదు. కాకపోతే సీసం చేసిన పని ఆ పొడి ఒక్కటే చేయలేదు. అందుకే మంచి ప్రైమర్లలో జింక్ ఫాస్ఫేట్ లాంటివి కలుపుతారు. రంగు మాత్రం అదే కాబట్టి పాత నమ్మకం కూడా దాంతో పాటే వచ్చేసింది. ‘ఎర్రది కొట్టేశాంగా, ఇంకేం కాదు’ అని.

సముద్రం పక్కన ఆ నమ్మకం ప్రాణం మీదకి తెస్తుంది. తుప్పు గుంటల్లో ఉప్పు మిగిలిపోతే, పైన ఎన్ని కోట్లు వేసినా అది పూత గుండా తడిని లాగుతుంది. లోపల కొత్త తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పెయింట్ పొక్కి లేస్తుంది. పైకి ఎర్రగా నున్నగా ఉన్న ఛాసీలో రేకు పలచబడిపోయి, లోడు మీద ఉన్నప్పుడు పగులుతుంది.

స్కాట్లాండ్‌లో 1890లో తెరిచిన ఫోర్త్ రైలు వంతెన కూడా ఎర్రదే, సముద్రపు గాలిలోనే ఉంటుంది. 2011లో పూర్తయిన పెద్ద పనిలో పాత పొరల్ని ఇనుము దాకా తీసేసి, అప్పుడు కొత్త పెయింట్ వేశారు. శ్రమంతా గీకడంలోనే అన్నమాట. మనకి అంత మెషినరీ అక్కర్లేదు. ముందు మంచినీళ్లతో మూలమూలలా కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి, తర్వాత వైర్ బ్రష్‌తో, ఎమరీతో మెరిసే ఇనుము దాకా రుద్దాలి. ప్రైమర్ ఆ రోజే పడాలి. రేపటికి వదిలేస్తే రాత్రి ఉప్పు గాలి మళ్లీ పని మొదలుపెడుతుంది.

కొత్త కార్ల బాడీని ఫ్యాక్టరీలో పెయింట్ తొట్టెలో ముంచి కరెంటు పెడతారు, సందుల్లోకి కూడా పూత వెళ్తుంది. తర్వాత మనం ఏదో బిగించడానికి వెల్డింగ్ పెట్టిస్తే, అక్కడ ఆ పూత కాలిపోతుంది. తుప్పు మొదట వెతుక్కునేది ఆ చోటునే.

వాటర్ సర్వీసింగ్ తర్వాత కింద పాత ఇంజన్ ఆయిల్ కొట్టించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది మన కందెనకి మనవడు లాంటిది. కాకపోతే దుమ్ము పడుతుంది, రబ్బరు బుష్‌లు పాడవుతాయి, ఆ నూనె కాలువలో కలుస్తుంది. నేనైతే వద్దంటాను. మీ ఇంట్లో ఎద్దుబండి తోలిన పెద్దవాళ్లుంటే, కందెనలో ఆముదం ఎంత, మసి ఎంత కలిపేవాళ్లో అడిగి కామెంట్‌లో రాయండి.