పందిట్లో సన్నాయి, బజార్లో బ్యాండు

మా పెద్దారవీడులో పెళ్లంటే రెండు మేళాలు. పందిట్లో డోలు సన్నాయి, బజార్లో బ్యాండు. సన్నాయివాళ్లు పందిరి వదిలి పోరు, బ్యాండువాళ్లు పందిట్లోకి రారు. ఈ హద్దు ఫలానావాళ్లు గీశారని చెప్పలేం గానీ, నా చిన్నతనంలో దాటినవాణ్ని చూడలేదు. తాళి కట్టే వేళ పంతులుగారు చెయ్యెత్తితే గట్టిమేళం మోగించేది సన్నాయివాళ్లు. ఆ సమయంలో బ్యాండువాళ్లు వేపచెట్టు కింద కోట్లు విప్పి కొమ్మలకు తగిలించి, బీడీలు కాల్చుకుంటూ ఊరేగింపు కోసం కాచుకొని ఉండేవాళ్లు.

మా ఊరికి సొంత బ్యాండు సెట్టు లేదు. మార్కాపురం పోయి బయానా ఇచ్చి మాట్లాడుకొని రావాల్సిందే. పెళ్లినాటి మధ్యాహ్నం బస్సు దిగేవాళ్లు. ముందు బస్సు టాపు మీద నుంచి పెద్ద డ్రమ్ము దిగేది, దాని వెనక మనుషులు. పది పన్నెండు మంది. క్లారినెట్టు పట్టుకున్నాయన మేస్త్రి. ఆయన పాట ఎత్తుకుంటే ట్రంపెట్లు అందుకునేవి. ఒంటికి చుట్టుకొని నెత్తి మీద నోరు తెరిచే బేసు బూర ఒకటి ఉండేది. కింద పెట్టినప్పుడు పిల్లలం దాని నోట్లోకి తొంగి చూసేవాళ్లం. మొహాలు సాగిపోయి కనపడేవి. ఎర్రకోటు, భుజాల మీద పసుపు కుచ్చులు, తలకు టోపీ. కాళ్లకు మాత్రం హవాయి చెప్పులు.

కాగితం మీద స్వరం రాసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కొత్త సినిమా పాటను మేస్త్రి రేడియోలో, ఆ తర్వాత టేపులో, పదిసార్లు విని క్లారినెట్టు మీదికి దించుకునేవాడు. మిగతావాళ్లకు నోటితో పాడి చెప్పేవాడు. అందుకే ఒకే పాట రెండు సెట్లలో రెండు రకాలుగా మోగేది. అసలు పాటకన్నా మార్కాపురం వరసే బాగుందని వాదించేవాళ్లు మా అరుగుల మీద ఉండేవాళ్లు. నేనూ వాళ్ల పక్షమే.

ఇత్తడి బూరలు మన దగ్గర పుట్టినవి కావు. ఇంగ్లీషు పటాలాలతో వచ్చి, జమీందార్ల కొలువుల్లో చేరి, అక్కడి నుంచి పెళ్లిళ్లకు దిగాయి. దేశంలో వీటి తయారీకి పేరుపడ్డ ఊరు మీరట్. అక్కడి జలీ కోఠీ వీధుల్లో ఇప్పటికీ ఇత్తడి రేకు వంచి బూరలు చేస్తారు. 1885 నుంచి నడుస్తున్న నాదిర్ అలీ కంపెనీ అక్కడిదే.

బూరలుంటే చాలదు, బ్యాండును పోషించేవాళ్లు ఉండాలి. వేల్స్ దేశపు బొగ్గు ఊళ్ల బ్యాండ్ల గురించి ఒకసారి చదివాను. రోండా లోయలో 1884లో మొదలైన ఒక బ్యాండుకు కోరీ అనే బొగ్గు యజమాని డబ్బు పెట్టాడు. అతని పేరుతోనే ఆ బ్యాండు ఈనాటికీ పోటీల్లో గెలుస్తోంది. 1985లో ఏడాది సమ్మె ఓడిపోయి అక్కడి మార్డీ గని కార్మికులు తిరిగి పనిలోకి నడిచిన నాడు కూడా ముందు బ్యాండు మోగిందట. మాకూ గనులున్నాయి. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన రాతిపలకలు చాలావరకు మార్కాపురంవే. కానీ ఆ పలకల డబ్బుతో ఒక బ్యాండు నిలబడిన కథ నేను వినలేదు. ఇక్కడ బ్యాండును పోషించింది ముహూర్తాలు. మాఘం నుంచి వైశాఖం దాకా చేతినిండా పని, శ్రావణంలో మళ్లీ కొంత. ఆషాఢం, మూఢం వస్తే బూర గోడకెక్కేది. మేస్త్రితో సహా అందరూ పత్తి చేలకో, మిరప కోతకో, పలకల పనికో పోయేవాళ్లు. రాతి దుమ్ము పీల్చిన ఊపిరితోనే మాఘమాసంలో మళ్లీ ట్రంపెట్టు ఊదాలి.

ఈ బ్యాండువాళ్లెవరంటే, ఎక్కువగా దళిత కుటుంబాలవాళ్లు, దూదేకులవాళ్లు. తాతలు డప్పు కొట్టిన ఇళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు కొందరు. డప్పు భుజాన ఉంటే ఏరా అని పిలిచిన నోరే, ఎర్రకోటు తొడిగితే మేస్త్రీ అనేది. ఆ కోటుకు అంత విలువ. భోజనాల దగ్గర మాత్రం కోటు పనిచేసేది కాదు. అందరూ లేచాక, చివరి పంక్తిలో, పందిరి బయట. మా ఇంటి పెళ్లిలోనూ అంతే జరిగింది. ఇది రాయకుండా బ్యాండు చరిత్ర రాయడం నాకు చేతకాదు.

తప్పు వాద్యానిదా అంటే కాదు. ఇదే క్లారినెట్టుతో ఎ.కె.సి. నటరాజన్ కచేరీలు చేసి 2008లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లిన షేక్ చినమౌలానా నాదస్వరానికి అదే బిరుదు 1998లో వచ్చింది. గుళ్లో, పందిట్లో వాయించేదానికి శాస్త్రం ఉంది, బిరుదులున్నాయి. దుమ్ములో నడుస్తూ వాయించేదానికి కూలి ఉంది.

బ్యాండువాళ్లు పెళ్లికే కాదు, చావుకూ వచ్చేవాళ్లు. నిండుగా బతికిన ముసలాయన పోతే కొడుకులు బ్యాండు పెట్టేవాళ్లు. క్రిస్మస్ రాత్రి పల్లెలో పాటల ఊరేగింపుకూ వాళ్లే. పొద్దున పెళ్లిపాట వాయించిన బూర సాయంత్రం శవం ముందు నడిచిన రోజులున్నాయి.

ఇప్పుడు డీజే బండి వచ్చింది. ఒక జనరేటరు, నిలువెత్తు బాక్సులు, ఒక కుర్రాడు. రాత్రి పది దాటితే లౌడుస్పీకర్లు, డప్పులు మోగకూడదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట డీజేకు ఎంత వర్తిస్తోందో పెళ్లిళ్ల సీజన్లో మా బజార్లో పడుకుంటే తెలుస్తుంది. 2020లో సరిగ్గా ఉగాది నాడు లాక్‌డౌన్ మొదలైంది. పెళ్లికి యాభై మందే అన్నారు. ఆ యాభైలో పన్నెండు మంది బ్యాండువాళ్లను ఎవరు లెక్కపెట్టుకుంటారు? వేసవి ముహూర్తాలన్నీ పోయాయి. ఆ ఏడు కోటు విప్పినవాళ్లలో నాకు తెలిసిన ఒక క్లారినెట్టాయన మళ్లీ తొడగలేదు. ఆటో నడుపుతున్నాడు.

మా ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు గానీ, 1970లో కొత్త జిల్లాలోకి వచ్చాక గానీ రాసిన పుస్తకాలు నాకు దొరికినవన్నీ చదివాను. గుడులున్నాయి, చెరువులున్నాయి, పలకలున్నాయి. బ్యాండు గురించి ఒక్క వాక్యం కనపడలేదు. మిగిలిన ఆధారం మన ఇళ్లలోని పెళ్లి ఆల్బములే. ఊరేగింపు ఫొటోల్లో ఒక అంచున, సగం భుజం తెగి, పెట్రోమాక్స్ వెలుగులో బుగ్గలు పూరించి వాళ్లుంటారు. మీ పెద్దవాళ్లు ఇంకా గుర్తు పట్టగలిగిన రోజుల్లోనే ఆ ఫొటో తీసి చూపించండి. పేర్లు చెబితే వెనక పెన్సిలుతో రాసి పెట్టండి.