నిల్వ ఎక్కడ రాయాలి?

1990లలో విజయవాడ మందుల హోల్‌సేల్ షాపులకు ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాములు రాసి బతికాను. అప్పట్లో ఒక్క అమ్మకాన్ని మూడు చోట్ల ఎక్కించేవారు: బిల్లు పుస్తకం, చిట్టా, స్టాకు రిజిస్టరు. మూడోది సాయంత్రానికి, ఒక్కోసారి వారాంతానికి వాయిదా పడేది. అందుకే ఫలానా సిరప్ ఉందా అంటే పెద్ద గుమాస్తాగారు రిజిస్టరు తెరిచేవారు కాదు, ర్యాకు వైపు చూసి చెప్పేవారు. కంప్యూటరు కొన్న యజమానుల కోరిక ఒక్కటే: బిల్లు కొడితే మిగతా రెండూ వాటంతటవే పడాలి.

ఆ పనిముట్టు మాత్రం మందుల కోసం పుట్టింది కాదు. అమెరికాలో జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఉద్యోగి వేన్ రాట్‌లిఫ్, 1978 ప్రాంతంలో ఫుట్‌బాల్ పందేల లెక్క కోసం ‘వల్కన్’ అనే ప్రోగ్రాము రాసుకున్నాడు. జార్జ్ టేట్ అనే వ్యాపారి దాన్ని డీబేస్ 2 అని అమ్మాడు. డీబేస్ 1 అసలు లేనే లేదు! ఆ కుటుంబంలోదే ఫాక్స్‌ప్రో. 1989లో వచ్చింది, 1992లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది.

ఫారం గీయడం తేలిక. గుమాస్తాగారి ప్రశ్నలే కష్టం. “అమ్మాయ్, పదికి ఒకటి ఫ్రీ స్కీము. బిల్లులో పది, ర్యాకులోంచి పోయింది పదకొండు. నీ పెట్టె ఏమంటుంది?” ఉచితానికి వేరే ఫీల్డు పెట్టాను. ఒకే మాత్ర నాలుగు బ్యాచీల్లో ఉంటే, గడువు ముందు తీరేదాన్ని మొదట చూపించాలి. అంటే నిల్వ మందుకు కాదు, బ్యాచికి రాయాలి.

అసలు తగువు ఇక్కడ: నిల్వను ఒక ఫీల్డులో దాచి ప్రతి బిల్లుకూ తగ్గించాలా, లేక అడిగినప్పుడల్లా కొనుగోళ్లలోంచి అమ్మకాలు తీసేసి లెక్కగట్టాలా? ఆనాటి మెషీన్లకు రెండోది భారం. కాబట్టి అందరం దాచేవాళ్లం. బిల్లు వరస రాసి, నిల్వ తగ్గించేలోపు కరెంటు పోయేది. బిల్లుంది, స్టాకు తగ్గలేదు. రెండూ కలిసి జరగాలి, లేదా రెండూ జరగకూడదు అనే ఏర్పాటు డాస్ ఫాక్స్‌ప్రోలో లేదు. 1995లో విజువల్ ఫాక్స్‌ప్రోతో వచ్చింది. అందాకా రాత్రి షట్టరు దించే ముందు ఇండెక్సులు తిరగ్గట్టి, ప్రారంభ నిల్వ నుంచి మొత్తం మళ్లీ లెక్కించే మెనూ నొక్కేవాళ్లం. నా దృష్టిలో ఆటోమేషన్ అంటే ఆ మెనూయే. మిగతాదంతా టైపింగు తగ్గించడం.

గుమాస్తాగారికి నచ్చింది వేరొకటి. డిలీట్ కొడితే రికార్డు పోదు, పక్కన గుర్తు పడుతుంది. ప్యాక్ అంటేనే పోతుంది. లెక్కల పుస్తకంలో అంకె చెరపకుండా అడ్డగీత కొట్టే మనిషి ఆయన. ప్యాక్‌ను మెనూలోంచి తీయించారు.

2005లో వ్యాట్, 2017లో జీఎస్టీ వచ్చాయి. పన్ను వరసలు మారినప్పుడల్లా పాత ప్రోగ్రాములు రాలిపోయాయి. విజువల్ ఫాక్స్‌ప్రోకు ఇక కొత్త వెర్షను రాదని 2007లోనే మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. డీబేస్ ఫైలు మాత్రం పోలేదు. మ్యాపుల వాళ్ల షేప్‌ఫైల్‌లో వివరాల పట్టిక ఇప్పటికీ అదే. హైదరాబాదులో ఆ పనిచేసే మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు: “కాలమ్ పేరు పది అక్షరాల దగ్గర తెగిపోతోందేంటత్తా?”