గిటారు పైపలక ఉబ్బు: బద్దల అమరిక, మరమ్మతుల చరిత్ర

అకూస్టిక్ గిటారు పైపలక మందం సాధారణంగా మూడు మిల్లీమీటర్లకు మించదు. ఎక్కువగా స్ప్రూస్ చెక్కతో చేసే ఆ పలుచని పలకకు తీగలు బిగించే చెక్క ముక్కను, అంటే బ్రిడ్జిని, జిగురుతో అంటిస్తారు. ఆరు ఉక్కు తీగలు కలిసి 70 కిలోలకు పైబడిన బిగువుతో దాన్ని రాత్రింబవళ్లు లాగుతూనే ఉంటాయి. తీగలు పలకకు కాస్త ఎత్తులో సాగుతాయి కాబట్టి ఆ లాగుడుకు బ్రిడ్జి ముందుకు ఒరగాలని చూస్తుంది. దాంతో బ్రిడ్జి వెనక పలక పైకి ఉబ్బుతుంది, ముందున్న గుండ్రటి రంధ్రం (సౌండ్‌హోల్) వైపు లోపలికి కుంగుతుంది. పలకను మందంగా చేస్తే ఈ బాధ ఉండదు, కానీ నాదమూ ఉండదు. గిటారు తయారీ చరిత్రలో సగం ఈ పేచీ చుట్టూనే తిరిగింది.

పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో ఈ పేచీ ఇంత ముదరలేదు. అప్పటివి పేగు తీగలు. వాటి బిగువు నేటి ఉక్కు తీగల బిగువులో దాదాపు సగం. వాద్యం కూడా చిన్నది. పారిస్‌లో లాకోట్ వంటి పనివాళ్లు పైపలక అడుగున నిచ్చెన మెట్లలా కొన్ని అడ్డబద్దలు అంటించి సరిపెట్టారు. స్పెయిన్‌లో బద్దలను విసనకర్ర పుల్లల్లా పరిచే పద్ధతి ఉండేది. ఆంటోనియో డి టోరెస్ (1817–1892) దానికి స్థిరమైన రూపం ఇచ్చాడు. నాదమంతా పైపలకదేనని రుజువు చేయడానికి ఆయన 1862లో వెనకభాగం, పక్కలు కాగితపు అట్టతో, పైపలక మాత్రం చెక్కతో ఒక గిటారు చేశాడు. అది నేటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు ఇప్పటికీ ఆధారం ఆ విసనకర్ర అమరికే.

ఉక్కు తీగల గిటారును నిలబెట్టిన అమరిక మాత్రం అమెరికాలో రూపుదిద్దుకుంది. జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో పుట్టి, వియన్నాలో స్టౌఫర్ దగ్గర పని నేర్చిన సి.ఎఫ్. మార్టిన్ 1833లో న్యూయార్క్ చేరాడు. కొన్నేళ్లకే పెన్సిల్వేనియాలోని నజరెత్‌కు మకాం మార్చాడు. 1840లలో ఆయన గిటార్లలో రెండు పొడవాటి బద్దలు సౌండ్‌హోల్‌కు, బ్రిడ్జికి మధ్య ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తాయి. బ్రిడ్జి రెండు చివరలూ ఆ బద్దల చేతుల మీదికి వస్తాయి. దాంతో ఒరిగే బలం పలక అంతటా పంచుకుపోతుంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఇది ఉక్కు తీగల కోసం పుట్టింది కాదు. పేగు తీగల కాలంలో చేసిన ఏర్పాటు ఎనభై ఏళ్ల తర్వాత రెట్టింపు భారాన్ని మోసింది.

ఆ భారం రావడానికి హవాయి సంగీతం మీద పుట్టిన మోజు పెద్ద కారణం. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఆ మోజును అమెరికా అంతటా పాకించింది. హవాయి శైలికి ఉక్కు తీగలు కావాలి. షికాగోలో లార్సన్ సోదరులు అంతకుముందే పొరలు అతికిన బద్దలతో గట్టి గిటార్లు చేస్తున్నారు. చవకగా అమ్ముడుపోయే నిచ్చెన బద్దల గిటార్లలో చాలావాటికి మరో ఉపాయం దొరికింది: తీగలను బ్రిడ్జికి కాకుండా గిటారు అడుగు అంచున బిగించిన లోహపు పట్టీకి కట్టడం. అప్పుడు బ్రిడ్జి మీద లాగుడు పోయి నొక్కుడు మిగులుతుంది. మార్టిన్ సంస్థ 1920లలో ఒక్కో నమూనానూ ఉక్కు తీగలకు తగ్గట్టు గట్టిపరిచింది. 1930 ప్రాంతంలో బ్రిడ్జినే వెడల్పు చేసి, జిగురు పట్టే జాగా పెంచింది.

1930లలో వచ్చిన పెద్ద డ్రెడ్‌నాట్ గిటార్లు నేటికీ నాదానికి కొలమానాలు. వాటి బద్దలను ఉలితో మధ్యమధ్య లోతుగా చెక్కి, గుట్టలు, పల్లాలుగా వదిలేవారు. బరువు తగ్గి పలక స్వేచ్ఛగా కదిలేది. అయితే గాయకులు ఇంకా గట్టి మోత కోసం లావు తీగలు వేయసాగారు. పలకలు ఉబ్బి మరమ్మతుకు రావడం మొదలైంది. 1944 చివర్లో మార్టిన్ చెక్కుడు బద్దలు మానేసింది. 1960ల చివర్లో బ్రిడ్జి అడుగున ఉండే చిన్న మేపుల్ పలక స్థానంలో పెద్ద రోజ్‌వుడ్ పలక పెట్టింది. 1970లలో గిబ్సన్ సంస్థ ఇంటూ గుర్తులు రెండు వేసింది. ఉబ్బు తగ్గింది కానీ ఆ కాలపు గిటార్ల గొంతు బిగుసుకుపోయిందని వాయించేవాళ్లు నొచ్చుకున్నారు. ఆ నొచ్చుకోలు న్యాయమైనదే. 1976లో మార్టిన్ హెచ్‌డీ-28 అనే నమూనాతో చెక్కుడు బద్దలను తిరిగి తెచ్చింది.

మరమ్మతు విద్య ఈ చరిత్ర వెంటే పెరిగింది. మొదట తేల్చాల్సింది ఆ ఉబ్బు జబ్బా కాదా అన్నది. తయారీలోనే పైపలకకు కొద్దిపాటి వంపు పెడతారు. బ్రిడ్జి వెనక స్టీలు స్కేలు అడ్డంగా ఆనించినప్పుడు రెండు పక్కలా కాస్త సందు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. తీగలు మెడ మీది మెట్లకు మరీ ఎత్తుగా ఉన్నాయంటే తప్పు పైపలకదే అనుకోకూడదు, చాలాసార్లు మెడ కోణం మారి ఉంటుంది. వానాకాలంలో కోస్తా ఊళ్ల తేమకు చెక్క నీరు పీల్చి ఉబ్బడమూ ఉంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉన్న చోట కొన్నాళ్లు ఉంచితే అది చాలావరకు తగ్గుతుంది.

అసలు జబ్బయితే సౌండ్‌హోల్‌లోంచి చిన్న అద్దం, దీపం లోపలికి పంపి బద్దలను ఒక్కొక్కటే చూస్తారు. పలకను వేలితో తట్టుకుంటూ పోతే ఊడిన బద్ద దగ్గర చప్పుడు గరగరమంటుంది. పలుచని కాగితం ముక్క బద్ద కిందికి దూరితే అక్కడ జిగురు వదిలినట్టే. ఆ సందులోకి జిగురు నెట్టి, గిటారు వీపుకూ బద్దకూ మధ్య చిన్న జాకీ నిలిపి, ఒక రాత్రి ఆరనిస్తారు. బద్దలన్నీ పట్టుగా ఉండి పలకే వంగిపోయి ఉంటే బ్రిడ్జిని ఊడదీసి, వేడి చేసిన లోహపు దిమ్మల మధ్య పలకను బిగించి, చల్లారేదాకా కదిలించరు. వేడికి మెత్తబడిన చెక్క నార చదునుగా గట్టిపడుతుంది. ఇంకో పద్ధతి బ్రిడ్జ్ డాక్టర్ అనే పరికరం. బ్రిడ్జి అడుగున బిగించిన చెక్క దిమ్మ నుంచి ఒక కడ్డీ గిటారు అడుగు దిమ్మను తన్నిపట్టి, ఒరుగుడుకు ఎదురు నిలుస్తుంది. కావాలంటే దాన్ని తర్వాత తీసేయవచ్చు.

బ్రిడ్జి అడుగు పలక విషయంలో పనివాళ్ల తీరే మారింది. తీగల చివరి గుండ్లు ఏళ్ల తరబడి కొరికి అందులోని రంధ్రాలను పెద్దవి చేస్తాయి. ఆపైన గుండు నేరుగా మెత్తటి స్ప్రూస్‌ను తింటుంది. ఒకప్పుడు ఆ పలకను మొత్తం పెకలించి మరింత పెద్దది వేసేవారు. పెకలించేటప్పుడు పైపలక నార చీలికలుగా లేచిపోయేది, కొత్త పలక బరువుకు నాదం మూగబోయేది. ఇప్పుడు మంచి పనివాడు పాత పలకను ముట్టుకోడు. అరిగిన రంధ్రాల చోట మాత్రం నాణెమంత మేపుల్ ముక్కలు అతికి, రంధ్రాలు కొత్తగా తొలుస్తాడు.