బేరింగ్ ఎందుకు దూరలేదు? క్యాడ్ ఫైళ్ల వెనకున్న కథ

ఈరోజు ఎపిసోడ్ నా పరువు పోయిన కథతో మొదలెడతాను.

మాది పిఠాపురం. మా బాబాయికి చిన్న వర్క్‌షాప్ ఉంది, రైస్ మిల్లు సామాన్లు చేస్తాడు. సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ కూడా కొన్నాడు. కోతల సీజన్‌లో ఒక మిల్లులో బేరింగ్ హౌసింగ్ పగిలింది. మిల్లు ఆగిపోయింది. "బీటెక్ చదివావు కదరా, డిజైన్ గీసి పంపు" అన్నాడు బాబాయి. నేను గీసి, త్రీడీ ప్రింటర్ అలవాటు కొద్దీ ఎస్‌టీఎల్ ఫైల్ పంపేశాను. పొద్దున్నే చూస్తే 6205 బేరింగ్ లోపలికి దూరట్లేదు! "ఏంట్రా ఇది? వేలు పెడితే పలకలు పలకలుగా తగులుతోంది" అన్నాడు. ఇనుప దిమ్మ పోయింది, రోజు పోయింది, మిల్లు ఓనరు ఫోన్ల మీద ఫోన్లు.

తప్పు మెషిన్‌ది కాదు, నాది.

ఎస్‌టీఎల్‌ని 1987లో త్రీడీ సిస్టమ్స్ కంపెనీ త్రీడీ ప్రింటింగ్ కోసం తెచ్చింది. దానికి గుండ్రం అంటే ఏంటో తెలీదు. దానికి తెలిసింది త్రిభుజాలే. 6205 బేరింగ్ బయటి వ్యాసం 52 మిల్లీమీటర్లు. నా ఫైల్‌లో ఆ వృత్తం 36 పలకలైంది. లెక్క వేస్తే ఒక్కో పలక మధ్యభాగం వృత్తం కన్నా 0.1 మిల్లీమీటర్ లోపలికి వచ్చింది. బేరింగ్ బిగింపులో తేడా మిల్లీమీటర్‌లో వందో వంతుల్లో చూస్తారు. ఇంకెక్కడ దూరుతుంది? పైగా మామూలు ఎస్‌టీఎల్‌లో కొలత మిల్లీమీటరా, అంగుళమా అని కూడా ఉండదు.

అసలు ఈ తిప్పలు ఎప్పటినుంచో ఉన్నవే. మా పక్కనే ఉప్పాడ. అక్కడి జాందానీ చీరలకి 2009లో జీఐ గుర్తింపు వచ్చింది. గ్రాఫ్ కాగితం మీద గీసిన పువ్వుని మగ్గం మీద దారాల్లోకి మార్చాలి. ఒక్క గడి తప్పితే పువ్వు చెడుతుంది. గీసేవాళ్ల భాష వేరు, మగ్గం భాష వేరు. క్యాడ్‌కీ మెషిన్‌కీ మధ్య ఉన్న సమస్య కూడా అదే.

1970ల్లో ఏ క్యాడ్ కంపెనీ ఫైల్ దానిదే. ఒకరిది ఇంకొకరు తెరవలేరు. 1979లో బోయింగ్, జనరల్ ఎలక్ట్రిక్, అమెరికా కొలతల సంస్థ ఎన్‌బీఎస్ కలిసి ఉమ్మడి ఫార్మాట్ పని మొదలెట్టాయి. బోయింగ్ తరఫున ముందుండి నడిపించినవాళ్లలో జమైకాలో పుట్టిన ఇంజినీర్ వాల్టర్ బ్రెయిత్‌వెయిట్ ఒకరు. అలా 1980లో ఐజీఈఎస్ వచ్చింది. గొప్ప ముందడుగే, కానీ ఒక్కో సాఫ్ట్‌వేర్ దాన్ని ఒక్కోలా రాసేది. ఉపరితలాలు విడివిడిగా వచ్చి, అంచుల దగ్గర సందులు మిగిలేవి. వాటిని ఆపరేటరే కూర్చుని కుట్టుకోవాలి.

అందుకే 1984లో అంతర్జాతీయంగా ఇంకో ప్రయత్నం మొదలైంది. పదేళ్ల తర్వాత, 1994లో ఐఎస్ఓ 10303 వచ్చింది. అదే మనం స్టెప్ అంటున్నది. ఇందులో వృత్తం వృత్తంగానే, రంధ్రం సిలిండర్‌గానే వెళ్తుంది. కొలత యూనిట్ కూడా ఫైల్‌లోనే ఉంటుంది.

ఇదంతా చిన్న వర్క్‌షాప్ గోల అనుకోకండి. ఎయిర్‌బస్ ఏ380 తయారీలో జర్మనీ వాళ్లు క్యాటియా పాత వెర్షన్, ఫ్రాన్స్ వాళ్లు కొత్త వెర్షన్ వాడారు. హాంబర్గ్ నుంచి టులూస్ వచ్చిన వైర్లు విమానంలో సరిపోలేదు. విమానం దాదాపు రెండేళ్లు ఆలస్యం కావడానికి అదొక ముఖ్య కారణం. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు!

మరి మనం ఏం పంపాలి? సీఎన్‌సీ మిల్లింగ్‌కి ముందు స్టెప్. రెండు సాఫ్ట్‌వేర్‌లూ పారాసాలిడ్ ఇంజిన్ మీదే నడుస్తుంటే ఎక్స్‌టీ ఫైల్ ఇంకా మంచిది, అనువాదం అవసరమే ఉండదు. రేకు మీద లేజర్ కటింగ్‌కి డీఎక్స్‌ఎఫ్. ఎస్‌టీఎల్ ప్రింటర్‌కి ఉంచండి. ఇంకోటి, స్టెప్ వెళ్లినా మరలు, టాలరెన్స్‌లు చాలాసార్లు దాంతో వెళ్లవు. అందుకని కొలతలు రాసిన పీడీఎఫ్ డ్రాయింగ్ తప్పకుండా జతచేయండి. పంపేముందు "మీ సాఫ్ట్‌వేర్ ఏంటండీ?" అని ఒక్క ఫోన్ చేయండి. నేను చేయనిది అదే.

ఆ రోజే స్టెప్ పంపాను, పీడీఎఫ్‌తో సహా. మర్నాడు సాయంత్రానికి బేరింగ్ సరిగ్గా కూర్చుంది, మిల్లు తిరిగింది. దిమ్మ డబ్బులు ఇవ్వబోతే బాబాయి తీసుకోలేదు. పాడైన హౌసింగ్‌ని మాత్రం కంప్యూటర్ పక్కనే, నాకు కనపడేలా పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మీ ఫైల్ ఎప్పుడైనా ఇలా పరువు తీసిందా? కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ!