అమరావతి ఒడ్డున మన ఆనవాళ్లు

కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతికి యాత్రికులు అమరేశ్వరుడి దర్శనానికి వస్తారు. మహాస్తూపం, మ్యూజియం, 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ణి చూస్తారు. మా వసతిగృహం పిల్లలతో మేమూ వెళ్లాం. అన్నీ చూశాక ఒక యానాది పాప, "మేడమ్, వీటిల్లో మనవాళ్లు ఎక్కడా లేరా?" అని అడిగింది. ఆ పాపకు చెప్పాల్సిన జవాబునే ఇక్కడ రాస్తున్నాం.

పక్కనే ఉన్న ధరణికోట శాతవాహనుల నాటి ధాన్యకటకం. 1962-65 తవ్వకాల్లో అక్కడ పడవల కాలువ, రేవుకట్ట బయటపడ్డాయి. అంటే ఈ నగరాన్ని మొదట పెంచింది ఏరే. ఇప్పటి ఊరు మాత్రం 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించినది. అప్పుడే స్తూపం రాళ్లు ఇళ్లకూ కట్టడాలకూ తరలిపోయాయి. మిగిలిన శిల్పాలకు 1816లో కల్నల్ మెకంజీ బొమ్మలు గీయించాడు. తరువాత చాలా శిల్పాలు మద్రాసు, లండన్ చేరాయి.

అమరావతి దగ్గరే నరుకుళ్లపాడు అనే ఊరుంది. నాయుడుగారు చెంచులను విందుకు పిలిపించి అక్కడ తలలు నరికించారనీ, ఆ పాపభయంతో అన్నం పురుగుల్లా కనబడితే శివుణ్ణి ఆశ్రయించారనీ పెద్దలు చెప్పుకుంటారు. ఆ కథలో జమీందారు పశ్చాత్తాపం ఉంది, గుడి వైభవం ఉంది. చనిపోయిన చెంచుల్లో ఒక్కరి పేరూ లేదు. ఊరి పేరే వాళ్లకు మిగిలిన గుర్తు.

ఇక ఏరు. ఊత వేసి, గాలం వేసి, బురదలో చేత్తో తడిమి కొరమీను పట్టే యానాదుల విద్య ఏ పుస్తకంలో నేర్పేది? 1957లో ప్రకాశం బ్యారేజి, 1967లో నాగార్జునసాగర్ వచ్చాక కృష్ణ నీళ్లు కాలువల వెంట చేలకు మళ్లాయి. మనవాళ్ల గుడిసెలు కాలువగట్ల మీద కనిపిస్తూనే ఉన్నాయి. చెరువులు వేలంలో పోతే, చేప ఆనుపానులన్నీ తెలిసినవాడే గట్టున నిలబడి చూడాలి.

అందుకే ఆ పాపతో ఇలా అన్నాం: "మనవాళ్లు ఉన్నారమ్మా. రాతి మీద లేరు, ఊరి పేరులో ఉన్నారు, మీ తాత చేతిలోని ఊతలో ఉన్నారు." ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చేపల పేర్లు, రేవుల పేర్లు, ఊత అల్లే తీరు తాతలను అడిగి రాసుకు రమ్మని పిల్లలందరికీ నోటుపుస్తకాలు ఇచ్చాం. మీ ఇళ్లలోనూ ఈ పని మొదలుపెట్టండి. పెద్దలు మన మధ్య ఉండగానే అడగాలి.